పోలీసు చర్య తర్వాత ఎనిమిదేళ్లు

1948 సెప్టెంబరు 17 సాయంత్రం ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ దక్కన్ రేడియోలో లొంగుబాటు ప్రకటించేనాటికి హైదరాబాద్ రాష్ట్రంలో మూడు పాలనలు నడుస్తున్నాయి. నగరంలో ప్రధాని మీర్ లాయక్ అలీ ప్రభుత్వం ఉంది. పట్టణాల్లో, బాటల మీద ఖాసిం రజ్వీ నడిపే సాయుధ ముఠాలైన రజాకార్ల మాట చెల్లుతోంది. నల్లగొండ, వరంగల్ జిల్లాల్లోని చాలా ఊళ్లలో కమ్యూనిస్టుల నాయకత్వాన ఏర్పడిన గ్రామ సంఘాలే తగవులు తీరుస్తున్నాయి, భూములు పంచుతున్నాయి, దళాలకు అన్నం పెడుతున్నాయి. సెప్టెంబరు 13న సరిహద్దులు దాటిన భారత సైన్యం ఐదు రోజుల్లో మొదటి రెండింటినీ కూల్చింది. మూడోదాన్ని అణచడానికి మూడేళ్లు పట్టింది. ఆ రాష్ట్రాన్ని ఎవరు ఏలాలి, భూమి ఎవరికి చెందాలి, కొలువులు ఎవరికి దక్కాలి, అసలు ఆ రాష్ట్రం ఉండాలా వద్దా అన్న తగాదాలు 1956 నవంబరు 1 దాకా సాగాయి. వాటిలో కొన్ని ఆ తర్వాతా తేలలేదు.

ఢిల్లీ ప్రభుత్వం తన సైనిక చర్యను ‘పోలీసు చర్య’ అంది. వ్యవహారం అప్పటికే ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి గడప తొక్కింది కాబట్టి అది దేశం లోపలి శాంతిభద్రతల సంగతేనని చెప్పుకోవలసిన అవసరం ఢిల్లీకి ఉంది. ఊళ్లలో మాత్రం 1946 నుంచీ జరుగుతున్నది అంతర్యుద్ధమే. ఒకే ఊరివాళ్లు రెండు పక్షాలుగా చీలి ఒకరినొకరు చంపుకున్నారు. యుద్ధం ముగిశాక కూడా ఆ ఇరుపక్షాలూ అదే ఊళ్లో, అదే చెరువు కింద బతకాలి. తర్వాతి రాజకీయమంతా ఈ చిక్కులోంచే పుట్టింది.

కూలిన రాజ్యం

హైదరాబాద్ రాష్ట్రం సుమారు 82 వేల చదరపు మైళ్లు. 1951 జనాభా లెక్కల ప్రకారం అక్కడ కోటీ 86 లక్షల మంది ఉండేవారు. పదహారు జిల్లాల్లో ఎనిమిది తెలుగువి, ఐదు మరాఠీవి (మరాఠ్వాడా), మూడు కన్నడవి. పాలన, కోర్టులు, పై చదువులు ఉర్దూలో సాగేవి. భూమి కూడా ఒకే చట్టం కింద లేదు. పదో వంతు నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫ్-ఎ-ఖాస్. సుమారు మూడో వంతు జాగీర్లు, పైగాలు, సంస్థానాలు, మక్తాలు. మిగతాది ప్రభుత్వం నేరుగా శిస్తు వసూలు చేసే దివానీ, అంటే ఖల్సా. దివానీలో రైతు స్వతంత్రుడని చట్టం చెప్పేది. ఆచరణలో అక్కడా దేశ్‌ముఖులు, పటేలు, పట్వారీలదే పెత్తనం. అప్పు కింద, శిస్తు బకాయి కింద, దొంగ రాతల కింద వేల ఎకరాలు దొరల పేరుకు మారాయి. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, మాల కుటుంబాలు గడికి వెట్టి చేయాలి. రైతు కూడా పండగకూ పబ్బానికీ దొర గడపకు కట్నం మోయాలి.

1930లో జోగిపేటలో తొలి సభ జరిపిన ఆంధ్ర మహాసభ మొదట భాష, గ్రంథాలయాలు, బడుల కోసం పనిచేసింది. 1944లో భువనగిరి సభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యాక అది రెండుగా చీలింది, కమ్యూనిస్టుల చేతికొచ్చిన భాగం ఊరూరా ‘సంఘం’గా మారింది. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖు మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోవడంతో భూపోరాటం ఆయుధాల దాకా వచ్చింది. మరుసటి ఏడాది దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా నిజాం భారత యూనియన్‌లో చేరలేదు. 1947 నవంబరు 29న ఏడాది యథాతథ ఒడంబడిక మాత్రం చేసుకున్నాడు. ఆ ఏడాది ప్రజల పాలిట నరకమైంది. 1948 ఆగస్టులో భైరాన్‌పల్లిలో రజాకార్లు, నిజాం పోలీసులు ఊరి మగవాళ్లను వరసగా నిలబెట్టి కాల్చారు. యూనియన్‌లో చేరడమే మేలని రాసిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను అదే నెలలో నగరంలో చంపేశారు. నిజాంను ఎదిరించినవారిలో ముస్లింలు ఉన్నారు, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపిచ్చిన ముగ్గురిలో ఒకడు. నిజాం వెంట నిలిచి లాభపడిన దేశ్‌ముఖుల్లో అత్యధికులు హిందువులు. ఈ సంగతి మరిచి ఆ రోజులను మతాల మధ్య యుద్ధంగా చెప్పడం చరిత్రకు చేసే అన్యాయం.

సైనిక పాలన, దాచిన నివేదిక

సెప్టెంబరు 18న నిజాం సేనాని ఎల్ ఎడ్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్.చౌధురికి లొంగిపోయాడు. చౌధురి సైనిక గవర్నరయ్యాడు. 1949 చివరిదాకా ఆయన, ఆ తర్వాత ఐసీఎస్ అధికారి ఎం.కె.వెల్లోడి రాష్ట్రాన్ని నడిపారు. అంటే మూడున్నరేళ్ల పాటు ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వం లేదు. నిజాంను మాత్రం గద్దె మీదే ఉంచారు. 1949 నవంబరులో భారత రాజ్యాంగాన్ని అంగీకరిస్తూ ఆయన ఫర్మానా ఇచ్చాడు, 1950 జనవరి 26 నుంచి రాజప్రముఖ్, అంటే రాష్ట్రాధిపతి అయ్యాడు. సర్ఫ్-ఎ-ఖాస్ భూములు ప్రభుత్వపరమైనందుకు పరిహారమూ, దానితోపాటు రాజభరణమూ ముట్టాయి. ఓడిన రాజును గౌరవంగా ఉంచితే ఇతర సంస్థానాలు, ముస్లిం ప్రజానీకం, బయటి దేశాలు నెమ్మదిస్తాయని ఢిల్లీ లెక్క. తమ్ముల్నీ కొడుకుల్నీ పోగొట్టుకున్న నల్లగొండ పల్లెలకు ఆ లెక్క మింగుడుపడలేదు.

లొంగుబాటు వెంటనే ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింల మీద ఘోరమైన దాడులు జరిగాయి. రజాకార్ల దురాగతాలకు పగ తీర్చుకోవడం పేరుతో ఏ పాపం తెలియని కుటుంబాలను చంపారు, ఆస్తులు దోచారు, స్త్రీలను చెరబట్టారు. ప్రధాని నెహ్రూ పంపిన పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీల బృందం 1948 నవంబరు, డిసెంబరు నెలల్లో పదహారింట తొమ్మిది జిల్లాలు తిరిగి విచారించింది. ఎంత తగ్గించి లెక్కించినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని రాసింది. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులే దోపిడీలో పాలుపంచుకున్నారనీ, మరికొన్నిచోట్ల సైన్యం దుండగులను అడ్డుకుందనీ చెప్పింది. ముస్లిం కుటుంబాలను ప్రాణాలకు తెగించి కాపాడిన హిందువుల సంగతీ అందులో ఉంది. సర్దార్ పటేల్‌కు నివేదిక నచ్చలేదు. ప్రభుత్వం దాన్ని దశాబ్దాల పాటు ప్రచురించలేదు.

తర్వాతి కాలంలో వేరే దేశాలు ఈ పనిని మరో రకంగా చేశాయి. దక్షిణాఫ్రికాలో 1990లలో సత్య సమాధాన కమిషన్ బాధితులనూ నేరస్తులనూ బహిరంగంగా కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పించింది. అంతకన్నా తక్కువే హైదరాబాద్‌లో చేసి ఉన్నా, కనీసం ఆ నివేదిక అచ్చువేసి ఉన్నా, రెండు రకాల అబద్ధాలకు తావుండేది కాదు. ఒకటి అసలేమీ జరగలేదనడం, రెండోది జరిగినదానికి ఊహలతో అంకెలు పెంచుతూ పోవడం. భైరాన్‌పల్లి మృతులకూ, మరాఠ్వాడా మృతులకూ రాజ్యం సమానంగా లెక్క చెప్పవలసింది. చెప్పలేదు.

బతికి ఉన్నవారి పరిస్థితీ దుర్భరమే. నిజాం సైన్యాన్ని రద్దు చేశారు. రజాకార్లతో సంబంధముందన్న అనుమానం మీద చాలామంది ఉద్యోగాలు పోయాయి. మరుసటి ఏడాది జాగీర్లు రద్దవడంతో వాటి మీద ఆధారపడ్డ గుమాస్తాలు, సిపాయిలు, నౌకర్లు వీధిన పడ్డారు. వీళ్లలో చాలామంది హైదరాబాద్ పాత నగరంలోని బీద ముస్లింలు. ఉర్దూ చదువు ఒక్కసారిగా కొరగానిదైంది. స్తోమత ఉన్నవారు కొందరు పాకిస్తాన్ వెళ్లిపోయారు.

సంఘం వర్సెస్ సైన్యం

కమ్యూనిస్టులు మొదట భారత సైన్యాన్ని ఎదిరించాలా, స్వాగతించాలా అన్న ప్రశ్న మీదే చీలారు. 1948 కలకత్తా మహాసభలో బి.టి.రణదివే నాయకత్వం తీవ్ర పోరాట పంథా పట్టింది. నిజాం పోయినా నెహ్రూ ప్రభుత్వం భూస్వాముల ప్రభుత్వమే కాబట్టి పోరు సాగించాలని ఆంధ్ర నాయకులు వాదించారు. రజాకార్ల పీడ వదిలించిన సైన్యాన్ని ప్రజలు శత్రువుగా చూడరు, ఇక ఆయుధాలు దించాలని రావి నారాయణరెడ్డి వంటివారన్నారు. పోరాటం ఆగలేదు. సైనికుల అండతో గడుల్లోకి తిరిగొచ్చిన దేశ్‌ముఖులు సంఘం పంచిన భూములను మళ్లీ లాక్కోవడం చూసిన రైతుకు మొదటి వాదమే సరైనదనిపించింది. దళాలు గోదావరి అడవులకూ, నల్లమలకూ తరలాయి. దళాలకు తిండి అందకుండా కోయ, చెంచు గూడేలను ఖాళీ చేయించి జనాన్ని సైనిక శిబిరాల పక్కకు చేర్చారు. పుచ్చలపల్లి సుందరయ్య లెక్క ప్రకారం ఆ పోరాటం మొత్తంలో మూడు వేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచారు, నాలుగు వేల మంది కార్యకర్తలు, రైతులు చనిపోయారు, పది వేల మంది జైళ్లలో మగ్గారు.

అంతర్యుద్ధాల తర్వాత గెలిచిన ప్రభుత్వాలు భూమి విషయంలో తరచు ఇలాగే వెనక్కి తగ్గాయి. అమెరికా అంతర్యుద్ధం చివరిలో, 1865 జనవరిలో జనరల్ షెర్మన్ దక్షిణాది సముద్రతీరంలోని తోటల భూములను విముక్తులైన నల్లజాతి కుటుంబాలకు నలభై ఎకరాల చొప్పున కేటాయించాడు. లింకన్ హత్య తర్వాత అధ్యక్షుడైన ఆండ్రూ జాన్సన్ అదే ఏడాది వాటిలో అత్యధిక భాగం పాత యజమానులకు తిరిగిప్పించాడు. నల్లగొండలోనూ అదే వరస. ఉత్తర్వులు ఏ పక్షం గెలిచినా రాజధానిలో పుడతాయి, భూమి మాత్రం ఊళ్లో బలమున్నవాడి కింద ఉంటుంది.

1951 మొదట్లో అజయ్ ఘోష్, డాంగే, చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య రహస్యంగా మాస్కో వెళ్లి స్టాలిన్‌ను కలిశారు. చర్చల సారం పార్టీ పంథాను మార్చింది. అదే ఏడాది ఏప్రిల్‌లో శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనానికి వార్ధా నుంచి కాలినడకన వచ్చిన వినోబా భావే ఆ తర్వాత నల్లగొండ జిల్లా బాట పట్టాడు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితులు సాగుకు భూమి అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలిస్తానని లేచాడు. భూదానోద్యమం అక్కడ పుట్టింది. సంఘం బలవంతాన పంచిన చోటే దొర మనసు మార్చి పంచాలన్న ప్రయత్నం మొదలవడం యాదృచ్ఛికం కాదు. రెండు నెలల్లో వినోబాకు దొరికింది సుమారు 12 వేల ఎకరాలు. 1951 అక్టోబరు 21న కమ్యూనిస్టు పార్టీ పోరాట విరమణ ప్రకటించింది.

కాగితాల మీద భూమి

భూసమస్య తేల్చకుండా శాంతి నిలవదని సైనిక ప్రభుత్వానికి ముందే తెలుసు. 1949 ఫిబ్రవరిలో సర్ఫ్-ఎ-ఖాస్ దివానీలో కలిసింది. ఆగస్టు 15న జాగీర్ల రద్దు ఉత్తర్వు వచ్చింది. పైగాలు, మక్తాలు, సంస్థానాలతో సహా ఆరు వేలకు పైగా గ్రామాలు నేరుగా ప్రభుత్వం కిందికొచ్చాయి. జాగీర్దార్లకు పరిహారం ఇచ్చారు. మధ్యవర్తి పోయాడు గాని, అతని సొంత సాగు కింద ఉన్నదని చూపిన భూమి అతనిదే అయింది.

అంతకన్నా ముఖ్యమైనది 1950 జూన్‌లో అమల్లోకొచ్చిన హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం. ఆరేళ్లుగా దున్నుతున్నవాడిని ‘రక్షిత కౌలుదారు’గా రాసుకుని, అతణ్ని బేదఖలు చేయడం కష్టం చేసింది. 1954లో ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు నాయకత్వంలోని ప్రభుత్వం దాన్ని సవరించి భూమి కొనుక్కునే హక్కు, పరిమితి నిబంధనలు చేర్చింది. ఆ రోజులకు దేశంలోనే ఇది ముందడుగు. కాని రిజిస్టరు రాసేది పట్వారీ. పట్వారీ దొర మనిషి, చాలాచోట్ల దొరే పట్వారీ. ఆర్థికవేత్త ఎ.ఎం.ఖుస్రో జాగీర్ల రద్దు, భూసంస్కరణల ఫలితాల మీద చేసిన అధ్యయనం 1958లో వచ్చింది. 1951లో నమోదైన ప్రతి వంద మంది రక్షిత కౌలుదారుల్లో నాలుగేళ్లకు మిగిలింది సుమారు 45 మంది. పన్నెండుగురు భూమి కొనుక్కుని యజమానులయ్యారు. చట్ట ప్రకారం బేదఖలైంది ఇద్దరు ముగ్గురే. చట్టవిరుద్ధంగా వెళ్లగొట్టింది 22 మందిని. ‘ఇష్టపూర్వకంగా వదులుకున్నాను’ అని రాసిచ్చినవాళ్లు పదిహేడు, పద్దెనిమిది మంది. సైన్యం వెళ్లిపోయిన ఊళ్లో నిరుపేద కౌలుదారు ఆ కాగితం మీద వేలిముద్ర ఎలా వేశాడో ఊహించడం కష్టం కాదు.

ఈ వ్యవహారమంతా ఒకేచోట కనిపించే ఊరు రాయదుర్గం. నేటి హైటెక్ సిటీ పక్కన, మెట్రో రైలు నీలి మార్గం చివరి స్టేషను ఉన్న ఆ ప్రాంతం రెవెన్యూ రికార్డుల్లో ఒక్క ఊరు కాదు. రాయదుర్గ్ పైగా, రాయదుర్గ్ పాన్‌మక్త, రాయదుర్గ్ నౌఖల్సా అని విడివిడి గ్రామాలు. నిజాంకు సైన్యాన్ని పోషించే పైగా అమీర్ల భూమి, స్థిరమైన పన్ను కట్టి అనుభవించే మక్తా, ప్రభుత్వ ఖల్సా అక్కడ గెట్టుకు గెట్టు ఆనుకుని ఉండేవి. నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా సర్ఫ్-ఎ-ఖాస్ జిల్లా. 1948 తర్వాత దాన్ని హైదరాబాద్ జిల్లాలో కలిపారు, అందులోంచే 1978లో రంగారెడ్డి జిల్లా పుట్టింది. జాగీర్ల రద్దుతో మక్తా, పైగా హక్కులు చట్టం దృష్టిలో అంతమయ్యాయి. నవాబుల వారసులు సొంత భూములని చెప్పుకున్నవి, కౌలుదార్లు దున్నినవి, బీళ్లుగా గుట్టలుగా ప్రభుత్వం పేర రాసుకున్నవి మాత్రం విడదీయలేనంతగా పెనవేసుకున్నాయి. ఈ ప్రాంతంలో భూవివాదం కోర్టుకెక్కితే నేటికీ మొదట చూసేది 1954–55 నాటి భూమి రికార్డు, ఖాస్రా పహాణీ. అంటే ఆ సంధికాలంలో ఎవరు ఏ పేరు రాశారన్నదే.

1955 ఇనాముల రద్దు చట్టంలోని ముఖ్యమైన భాగాలు, కౌలుదారీ చట్టంలో రక్షిత కౌలుదారుకు యాజమాన్యమిచ్చే 38-ఇ సెక్షను తెలంగాణలో పూర్తిగా అమలయ్యేసరికి 1973 వచ్చింది. ఇరవై ఏళ్లలో చాలా పొలాలు చేతులు మారాయి. పటేలు పట్వారీ వ్యవస్థను ఎన్.టి.రామారావు ప్రభుత్వం 1984లో రద్దు చేసేదాకా రికార్డులు పాత చేతుల్లోనే ఉన్నాయి. పాన్‌మక్తలోని 83వ సర్వే నెంబరులో 526 ఎకరాల పైచిలుకు భూమి మీద 1976 పట్టణ భూపరిమితి చట్టం కింద సాగిన వివాదం 2010లో సుప్రీంకోర్టులో ప్రభుత్వానికి అనుకూలంగా ముగిసింది. రాయదుర్గంలో ప్రభుత్వం నాలెడ్జ్ సిటీ కట్టింది. 2025 అక్టోబరులో అక్కడ ప్రభుత్వ భూమి వేలం వేస్తే ఎకరం 177 కోట్ల రూపాయలు పలికింది. దున్నేవాడికే భూమి అన్న నినాదం మీద సాగిన యుద్ధానికి చివరి వారసులుగా మిగిలింది ఈ మండలంలో ప్రభుత్వమూ, కంపెనీలూ.

ముల్కీ, గైర్‌ముల్కీ

ఉర్దూలో నడిచే పాలన యంత్రాంగాన్ని ఇంగ్లీషులోకి మార్చాలి, పాత అధికారుల మీద నమ్మకం లేదు. అందుకని సైనిక, వెల్లోడి ప్రభుత్వాలు మద్రాసు, బొంబాయి, మధ్య పరగణాల నుంచి అధికారులను, పోలీసులను, ఉపాధ్యాయులను దించాయి. ఉస్మానియాలో ఉర్దూలో చదివిన స్థానిక యువకుడికి తన డిగ్రీ రాత్రికి రాత్రి చెల్లని నిజాం కాలపు నాణెం హాలీ సిక్కాలా అనిపించింది. 1919 నాటి నిజాం ఫర్మానా ప్రకారం పదిహేనేళ్లు నివాసం ఉన్న ముల్కీలకే ఉద్యోగాలు. దొంగ ముల్కీ సర్టిఫికెట్లతో బయటివారు చేరుతున్నారన్న ఫిర్యాదులు విద్యాశాఖలో బయటపడ్డాయి. 1952 జులై చివర వరంగల్ విద్యార్థులు సమ్మెకు దిగారు, ‘నాన్ ముల్కీ గో బ్యాక్’ నినాదం ఊరూరా పాకింది. సెప్టెంబరు 3, 4 తేదీల్లో హైదరాబాద్‌లో సిటీ కాలేజీ దగ్గరా, ఇతర చోట్లా పోలీసులు జరిపిన కాల్పుల్లో పలువురు చనిపోయారు. జస్టిస్ పింగళి జగన్మోహన్‌రెడ్డి విచారణ జరిపారు, మంత్రివర్గ ఉపసంఘం వేశారు.

గమనించదగ్గది ఒకటుంది. నాలుగేళ్ల కిందట చంపుకున్న వర్గాల పిల్లలే ఆ ఊరేగింపుల్లో భుజం భుజం కలిపి నడిచారు. హిందూ ముస్లిం విభజన మీద, దొర రైతు విభజన మీద స్థానికులు, స్థానికేతరులన్న కొత్త విభజన వచ్చి పడింది. పునర్నిర్మాణానికి బయటి సిబ్బంది అవసరమే. వాళ్లొచ్చిన పద్ధతి మాత్రం గెలిచినవాళ్లు ఓడిన ఊరి కొలువులు పంచుకున్నట్టు కనిపించింది.

బ్యాలెట్ పెట్టె

1952 మొదటి ఎన్నికలు హైదరాబాద్ రాజకీయాలను నిజంగా మార్చాయి. నిన్నటిదాకా అడవిలోనో, జైల్లోనో ఉన్నవాళ్లు పోటీ చేశారు. కమ్యూనిస్టు పార్టీ మీద రాష్ట్రంలో నిషేధం ఉండడంతో పీపుల్స్ డెమోక్రాటిక్ ఫ్రంట్ పేరుతో నిలబడ్డారు. 175 స్థానాల శాసనసభలో కాంగ్రెస్‌కు 93, ఫ్రంట్‌కు 42 వచ్చాయి. సోషలిస్టులు 11, పెజెంట్స్ అండ్ వర్కర్స్ పార్టీ 10, షెడ్యూల్డ్ క్యాస్ట్స్ ఫెడరేషన్ 5, మిగతా 14 ఇండిపెండెంట్లు. నల్లగొండ లోక్‌సభ స్థానంలో రావి నారాయణరెడ్డికి వచ్చిన మూడు లక్షల తొమ్మిది వేల ఓట్లు నెహ్రూకు వచ్చినవాటి కన్నా ఎక్కువ. పోరాట గ్రామం ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవి శాసనసభకెళ్లింది. సాయుధ పక్షాన్ని ఓటు పెట్టెకు తీసుకురావడమే అంతర్యుద్ధం ముగిసిన దేశాలు చేయవలసిన అతి కష్టమైన పని. హైదరాబాద్ అది చేయగలిగింది. దానికి కొంత పేరు ఢిల్లీకి, ఎక్కువ పేరు తుపాకీ దించిన రైతు కార్యకర్తలకు దక్కాలి.

అధికారంలో ఉన్న కాంగ్రెస్‌లో ఐక్యత లేదు. స్వామి రామానంద తీర్థ వర్గం రాజరికపు గుర్తులన్నీ పోవాలనీ, భూసంస్కరణ లోతుగా సాగాలనీ, మూడు భాషల రాష్ట్రాన్ని విడదీసి పక్క భాషా రాష్ట్రాల్లో కలపాలనీ కోరింది. బూర్గుల వర్గం మితవాదం వైపు మొగ్గింది, భూవసతి ఉన్న కుటుంబాల మద్దతు దానికుంది. 1952 మార్చి 6న బూర్గుల ముఖ్యమంత్రి అయ్యారు. బహుభాషా పండితుడు, సౌమ్యుడు. భూచట్టాలను సవరించి బలపరచింది ఆయన ప్రభుత్వమే, వాటి అమలు జారిపోయిందీ ఆయన కాలంలోనే.

మూడు ముక్కలు

పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగం తర్వాత 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఫజల్ అలీ, కుంజ్రూ, పణిక్కర్‌ల రాష్ట్రాల పునర్విభజన సంఘం 1955 సెప్టెంబరు 30న నివేదిక ఇచ్చింది. మరాఠ్వాడా బొంబాయికి, కన్నడ జిల్లాలు మైసూరుకు పోవాలంది. తెలంగాణను హైదరాబాద్ రాష్ట్రంగా విడిగా ఉంచి, 1961 ఎన్నికల తర్వాత శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో కోరితే ఆంధ్రలో కలపాలని సూచించింది. వెనకబడ్డ ప్రాంతం కోస్తా చదువు, పెట్టుబడి ముందు నిలవలేదన్న భయాన్ని సంఘం దాచకుండా రాసింది.

విశాలాంధ్ర కోరినవారిలో కమ్యూనిస్టులు ముందున్నారు. ఉమ్మడి తెలుగు రాష్ట్రంలో తమ బలం పెరుగుతుందన్న ఆశ, భాష మీద నిజమైన ప్రేమ రెండూ అందులో ఉన్నాయి. తెలంగాణ కాంగ్రెస్‌లో కొండా వెంకట రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి వ్యతిరేకించారు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఇరుపక్షాల నాయకులు పెద్దమనుషుల ఒప్పందం చేసుకున్నారు. ముల్కీ నివాస నిబంధన పన్నెండేళ్లు, తెలంగాణ మిగులు ఆదాయం తెలంగాణలోనే ఖర్చు, వ్యవసాయ భూముల అమ్మకాల మీద ప్రాంతీయ మండలి అదుపు, ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వాడైతే ఉప ముఖ్యమంత్రి రెండో ప్రాంతం వాడు. నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రం మూడు ముక్కలై ఆంధ్రప్రదేశ్, బొంబాయి, మైసూరుల్లో కలిసింది. నీలం సంజీవరెడ్డి తొలి మంత్రివర్గంలోనే ఉప ముఖ్యమంత్రి పదవి లేదు.

అంతర్యుద్ధం ముగిశాక చేసుకునే ఒప్పందాలు ఎక్కువగా ఇక్కడే తప్పుతాయి. సంతకం పెట్టినవారి మాట మీద నిలబడ్డ హామీకి దాన్ని అమలు చేయించే సంస్థ లేకపోతే బలమున్న పక్షం దాన్ని మరచిపోతుంది. ఉద్యోగాల్లో అన్యాయం మీద 1969లో తెలంగాణ విద్యార్థులు లేచారు. 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయంది, కోస్తా, రాయలసీమల్లో జై ఆంధ్ర ఉద్యమం వచ్చింది. 1973 ఆరు సూత్రాల పథకం, దాన్ని అనుసరించి రాజ్యాంగంలో చేరిన 371-డి అధికరణం, 1975 రాష్ట్రపతి ఉత్తర్వు ముల్కీ బదులు ‘స్థానిక అభ్యర్థి’ అన్న నిర్వచనం తెచ్చాయి. 2014 జూన్ 2న తెలంగాణ విడి రాష్ట్రమయ్యాక 2018లో కొత్త రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. దాని ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో నేరుగా జరిగే నియామకాల్లో 95 శాతం జిల్లా, జోన్ల స్థానికులకు దక్కాలి. పూర్వపు పైగా, మక్తా భూముల మీద లేచిన రాయదుర్గం, మాదాపూర్, గచ్చిబౌలి ఐటీ కార్యాలయాల ఉద్యోగాలు ప్రైవేటువి కాబట్టి ఆ ఉత్తర్వు కిందికి రావు.